కడిగిన సీసా

పోయిన నెల మా ఇంటి వాటర్ ఫిల్టర్ బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు. లోపలి సామాన్లన్నీ విప్పి, కడిగి, మళ్లీ బిగించి, చివర్లో జేబులోంచి పెన్నులాంటి మీటరు తీసి గ్లాసు నీళ్లలో ముంచాడు. దాని మీద పడిన అంకె నాకు చూపించి, ఇక కళ్లు మూసుకుని తాగొచ్చు మేడమ్ అన్నాడు. ఆ మీటరు నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చెబుతుంది, అంతకు మించి దానికేమీ తెలియదు. ఆ గ్లాసులో రెండు చుక్కలు మురిక్కాలవ నీళ్లు కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు. క్రిముల సంగతి దీనికెలా తెలుస్తుందయ్యా అని అడిగాను. ఇంతవరకు ఎవరూ అట్లా అడగలేదన్నట్టు నావైపు జాలిగా చూసి, బిల్లు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాకు చాలా కోపం వచ్చింది. ఆ కోపం అతని మీద కాదని సాయంత్రం వంట చేస్తున్నప్పుడు గానీ అర్థం కాలేదు. కళ్లు మూసుకుని తాగొచ్చని నేను కూడా ఒకప్పుడు ఒక ఇంటికి రాసిచ్చాను. కింద నా పేరు కూడా రాశాను.

అప్పుడు నేను చిక్కడపల్లిలో ఒక సన్నటి గల్లీలో, ప్రమీల ఆంటీ ఇంట్లో కిరాయికి ఉండేదాన్ని. కోఠిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించి, ఊరికి వెళితే ఇక మళ్లీ రానివ్వరన్న భయంతో, దొరికిన మొదటి ఉద్యోగంలో చేరిపోయాను. తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ ఉన్నప్పుడు బస్సులు తిరిగేవి కావు, నారాయణగూడ దాకా నడిచే వెళ్లేదాన్ని. అక్కడ ఒక జిరాక్సు దుకాణం పై అంతస్తులో మా నీళ్ల పరీక్షల ల్యాబు. మేడమీద మా గదిలో నాతోపాటు స్వరూప ఉండేది. నాకంటే రెండేళ్లు చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. జనగామ అవతల ఒక పల్లె నుంచి సర్కారు కొలువు పరీక్ష కోసం వచ్చి, పొద్దున అశోక్‌నగర్‌లో కోచింగ్, పగలంతా లైబ్రరీ, రాత్రి మళ్లీ పుస్తకాలు అన్నట్టుండేది. వాళ్ల నాన్న ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఆ ఏడాదిలో పరీక్ష రాస్తే సరి, లేకపోతే ఇంటికి రావాలి. ఆ మాట ఆ పిల్ల నిద్రలో కూడా మర్చిపోయేది కాదు.

ప్రమీల ఆంటీ భర్తకు ముషీరాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణం. పొద్దున పోయిన మనిషి రాత్రి దాకా కనిపించేవాడు కాదు. ఇల్లంతా ఆమె రాజ్యమే. ఆ రాజ్యంలో అన్నిటికంటే పెద్ద పని నీళ్లు పట్టడం. రోజు విడిచి రోజు పొద్దున్నే ఒక గంట నల్లా వచ్చేది. ఆమె అంతకుముందే లేచి, ఇత్తడి బిందెలను చింతపండుతో తోమి, ముగ్గు పిండితో మెరుగు పెట్టి, నల్లా దగ్గర వరుసగా పేర్చేది. నల్లా మూతికి పాత ధోవతి గుడ్డను మూడు మడతలు వేసి కట్టేది. మొదట వచ్చే నీళ్లు గోల గోలగా, గాలి చప్పుడుతో, తుప్పు రంగులో వచ్చేవి. వాటిని బట్టలకు వదిలేసేది. రంగు తేలిపోయాక ఒక్కో బిందె నింపి, పటిక ముక్కను రెండు చుట్లు తిప్పి, మూత పెట్టేది. గుడ్డ విప్పి చూస్తే మధ్యలో ఎర్రటి మరక ఉండేది. ఆ మరకను మాకు చూపించి, చూడండి బిడ్డా, ఇదంతా మీ కడుపుల్లోకి పోవలసింది అనేది. ఎండాకాలం ఆ నీళ్లే మట్టి రంజన్‌లో పోసి గదికి పంపేది. తడి మట్టి వాసన, కొంచెం బ్లీచింగ్ వాసన కలిసిన ఆ నీళ్లు గొంతు దిగుతుంటే ప్రాణం లేచి వచ్చినట్టుండేది. మేడమీద ఉన్న ఆడపిల్లలందరికీ తాగేనీళ్లు ఆమే పోసేది. తన ఇంట్లో ఎవరైనా నీళ్ల డబ్బా కొనుక్కుంటే ఆమెకది అవమానం.

ఇంత శుభ్రం మనిషి ఇంట్లో ఉంటూ నేను వెళ్లే చోటు నీళ్లలో మురికి వెతికే ల్యాబు. దాన్ని నడిపే రంగారావు సారు రిటైరైన కెమిస్టు. తెల్ల చొక్కా, గట్టిగా నూనె రాసి దువ్విన జుట్టు, మాటకు ముందు చిన్న దగ్గు. చేరినవాళ్లు ఎమ్మెస్సీ అయినా ఎవరైనా మొదటి నెలంతా సీసాలే కడగాలి. తర్వాతి నెల నమూనాలు తేవాలి. పరీక్ష చేయనిచ్చేది ఆ తర్వాతే. నమూనా సరిగ్గా తేవడం రాకపోతే తక్కినదంతా దండగ అని ఆయన నమ్మకం. నల్లాను రెండు నిమిషాలు వదలాలి. దాని మూతిని స్పిరిట్‌తో తుడిచి మంట చూపించాలి. ఉడికించి తెచ్చిన సీసా మూత తీసి, మూత లోపలివైపు వేలు తగలకుండా పట్టుకుని, మెడ దాకా నింపి వెంటనే మూసేయాలి. సీసాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నీళ్లతో తొలవకూడదు. దాని అడుగున మేము ముందే ఒక మందు రెండు చుక్కలు వేసి ఆరబెట్టేవాళ్లం. కొంచెం తెల్లగా, సున్నపు మరకలా కనిపిస్తుంది. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కదా, సీసాలో పట్టాక కూడా అది క్రిములను చంపుతూనే ఉంటుంది. ల్యాబుకు చేరేసరికి నీళ్లు మంచివైపోయి కనిపిస్తాయి. ఆ మందు క్లోరిన్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది. అప్పుడే నల్లాలో నీళ్లు ఎట్లా ఉన్నాయో మా పరీక్ష గొట్టాల్లోనూ అట్లాగే కనిపిస్తాయి. ల్యాబులో ఎప్పుడూ ఉడికిన పాల పొడి లాంటి ఒక వాసన, దాని మీద స్పిరిట్ వాసన. నాకది ఇష్టంగా ఉండేది. ఇంటికి వెళితే ఆంటీ ముక్కు మూసుకుని ముందు స్నానం చేయమనేది.

వానలు మొదలైన కొత్తలో రెండు మూడు సార్లు నల్లా నీళ్లు కొంచెం వాసన వచ్చాయి. ఆంటీ ఆ నీళ్లను ఇంకాస్త ఎక్కువసేపు వదిలి, ఇంకో మడత గుడ్డ కట్టింది. వాసన పోయింది. కొన్నాళ్లకు స్వరూపకు జ్వరం, వాంతులు, ఆ పైన కళ్లు పచ్చబడ్డాయి. డాక్టరు కామెర్లన్నాడు, నీళ్ల వల్లనో తిండి వల్లనో వస్తుందన్నాడు. నీళ్ల మాట వినగానే ఆంటీ ముఖం మారిపోయింది. స్వరూప అప్పుడప్పుడూ కోచింగ్ నుంచి వస్తూ బండి మీద మిర్చి బజ్జీలు తినేది. వారానికి ఒకటి రెండు సార్లు, అంతే. అవే నీళ్లు తాగే మాకెవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఆంటీకి అది దొరికింది. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, పిల్ల బయట తింటది అన్నా, జర గట్టిగ చెప్పుండ్రి అంది. మంచికోరే అంది. తర్వాత ఫోన్ స్వరూప చేతికిచ్చింది. వాళ్ల నాన్న ఏమన్నాడో మాకు వినిపించలేదు గానీ, స్వరూప ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది. నిన్ను చదువుకోమని పంపిస్తే నువ్వు తిరుగుళ్లు నేర్చినవు అన్నాడట. ఆ పిల్ల ఆ మాట నాకు వారం తర్వాత చెప్పింది.

నీళ్లు పరీక్ష చేద్దామని నేనే అన్నాను. ఆంటీ ముందు కొంచెం నొచ్చుకుని, తర్వాత సంతోషంగా ఒప్పుకుంది. చెయ్యి బిడ్డా, అందరికీ తెలుస్తది అంది. అంతవరకు స్వరూప కోసం నీళ్లు మరగబెట్టడం మొదలుపెట్టాం. మా గ్యాస్ చిన్నది, తొందరగా అయిపోయేది, అయినా తప్పదనుకున్నాం. నల్లా వచ్చే ముందురోజు సాయంత్రం ల్యాబు నుంచి సీసా తెచ్చి కింద వంటింటి గట్టు మీద పెట్టాను. పొద్దున నల్లా వచ్చేసరికి పైన స్వరూపకు మళ్లీ వాంతులు. నేను పైకి పరుగెత్తాను. ఆమె ముఖం కడిగి, పడుకోబెట్టి కిందికి వచ్చేసరికి నల్లా ఆగిపోయింది. ఆంటీ నిండిన సీసాను తువ్వాలుతో తుడిచి నా చేతిలో పెట్టింది. నేనే పట్టిన, నీకు టైం కాకుంట అంది. మూత లోపల ముట్టుకున్నారా అని అడిగాను. లేదంది. నల్లాను కాల్చలేదు కదా అనుకున్నాను. కాల్చకపోతే నల్లా మూతి మీది క్రిములు కూడా చేరి రిపోర్టు చెడ్డగా రావాలి గానీ మంచిగా రాదు, కాబట్టి నష్టం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మళ్లీ నల్లా వచ్చేది ఎల్లుండి. ఆమెను ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే నొచ్చుకుంటుంది. ఇవన్నీ నిజమే. అసలు కారణం బద్ధకం, కొంచెం మొహమాటం. ఆ రోజు దారిలో ఇంకో రెండు ఇళ్ల నమూనాలు తీసుకుని, ల్యాబు చేరేసరికి ఆ సీసా నా బ్యాగులో మూడు నాలుగు గంటలు ఉంది. ఫారంలో 'నమూనా తీసినవారు' అన్న చోట నా పేరు రాశాను.

ఆ నీళ్లను గాజు గొట్టాల్లో పోసి రెండు రోజులు చూశాం. గొట్టాల్లో ఒక్క బుడగ కూడా రాలేదు. క్రిములుంటే ఆ గొట్టాల్లో గాలి పుట్టి, లోపల బోర్లించిన చిన్న గొట్టంలో బుడగలా నిలుస్తుంది. ఏదీ రాలేదంటే నీళ్లు మంచివన్నట్టే. రంగారావు సారు సంతకం చేశారు. ఆంటీ ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి, పక్కింటివాళ్లకు, పాలవాడికి కూడా చూపించింది. స్వరూపతో మాత్రం ఒక్క మాట గట్టిగా అనలేదు. తల నిమిరి, ఇగ బయట తినకు బిడ్డా అంది. స్వరూప నా ముందే ఒట్టు పెట్టుకుంది, మళ్లీ ఆ బండివైపు చూడనని. నేను కూడా తల ఊపాను. ఆ సాయంత్రం నుంచే నీళ్లు మరగబెట్టడం మానేశాం.

స్వరూప కోలుకుంది. ముఖం తేటబడింది, లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది. పోయిన రోజులన్నీ రాబట్టుకోవాలని అన్నం ముందు కూడా పుస్తకం పెట్టుకునేది. పరీక్ష ఇక పది రోజులుందనగా మళ్లీ పడిపోయింది. ఈసారి విరేచనాలు, ఆగకుండా. దగ్గర్లోని నర్సింగ్ హోంలో రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. మంచం మీద సగం మనిషిగా కనిపించింది. నేను బయట ఏమీ తినలేదక్కా అని నర్సుతో కూడా చెప్పింది. ఎవరూ అడగకపోయినా చెప్పింది. నీళ్ల మీదికి నా మనసు అప్పటికీ పోలేదు. రిపోర్టు ఉంది కదా.

ఆమెను ఇంటికి తెచ్చిన మర్నాడు ల్యాబు పని మీద వేరే ఇంటికి వెళ్లవలసి ఉండి, ముందురోజే నాలుగు ఖాళీ సీసాలు తెచ్చి కింద గట్టు మీద పెట్టుకున్నాను. పొద్దున కిందికి దిగేసరికి ఆంటీ ఒక సీసా మూత తీసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది. తర్వాత బిందెలోంచి చెంబుతో నీళ్లు వంచి, గలగలా కలిపి పారబోసింది. నన్ను చూసి నవ్వింది.

"అడుగున ఏందో తెల్లగ ఉన్నది బిడ్డా. మొన్నటి దానికి గూడ ఇట్లనే ఉండె, మంచిగ మూడు సార్లు కడిగి పట్టిన. మీ ల్యాబోళ్లకు సీసాలు గూడ కడుగ రాదా?"

ఆమె చేతిలోంచి సీసా తీసుకుని గట్టు మీద పెట్టి, అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఆమె కడగకుండా ఉండగలిగే మనిషి కాదు. బయటి నుంచి వచ్చిన ఏ గిన్నెనైనా మూడు సార్లు తొలవకుండా వాడితే ఆమెకు అన్నం సహించదు. ఆ ఇంట్లో రెండేళ్లుగా ఉంటూ ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను మూత గురించి అడిగాను, సీసా కడిగారా అని అడగలేదు. మందు పోయింది, క్లోరిన్ నా బ్యాగులో మూడు నాలుగు గంటలు దాని పని అది చేసుకుంది. మేము చూసింది నల్లాలోని నీళ్లను కాదు. ఆ కాగితాన్ని నమ్మి స్వరూప రోజూ ఆ నీళ్లే తాగింది.

ఆ పొద్దున అదృష్టవశాత్తూ నల్లా వచ్చే రోజే. కొత్త సీసాతో, మంటతో, అన్నీ పద్ధతి ప్రకారం నేనే పట్టాను. ఆంటీ పక్కనే నిలబడి, నల్లాకు మంటేంది అని వింతగా చూసింది. ఆటోలో నేరుగా ల్యాబుకు పోయాను. మర్నాటికే గొట్టాలు మసకబారి, దాదాపు అన్నిట్లోనూ బుడగలు నిలిచాయి. రంగారావు సారు ఒక్కో గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూసి, పాత ఫారం తెప్పించుకున్నారు. నేను జరిగినదంతా చెప్పాను. సీసా కడిగినందుకు ఆయన ఆశ్చర్యపోలేదు. నా పేరు ఉన్న చోట వేలు పెట్టారు.

"ఆమె తెల్వక కడిగింది. నువ్వు పేరెందుకు రాసినవమ్మా?"

ఆయన ఉద్యోగంలోంచి తీసేస్తారనుకున్నాను. తీసేస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆయన తిట్టలేదు. కొత్త రిపోర్టుతో పాటు, పాతది ఎందుకు చెల్లదో నా చేత్తోనే రాయించి, దాన్ని పోస్టులో వేయకుండా ఇంటికి తీసుకెళ్లి, అందరూ ఉన్నప్పుడు చదివి వినిపించమన్నారు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఆ రోజు నడిచాను. ఎన్నో సార్లు నడిచిన దారే. అంత పొడుగ్గా ఎప్పుడూ అనిపించలేదు.

స్వరూప మంచం పక్కన కూర్చుని చదివాను. నా పేరు రాసిన సంగతి ఉన్న వాక్యాన్ని రెండు సార్లు చదివాను. ఆంటీ తలుపు పట్టుకుని నిలబడి వింది. ఆమెకు అర్థమైనదేమిటంటే, ఇన్నేళ్లుగా తెల్లవారకముందే లేచి, తోమి, వడగట్టి తాను పోసిన నీళ్లే మురికివని. మెల్లగా కిందికి దిగిపోయి, నిండిన బిందెలన్నీ ఒక్కొక్కటే వాకిట్లో గుమ్మరించింది. రెండు రోజుల తర్వాత ప్లంబర్ వచ్చి వాకిలి తవ్వితే, వాళ్ల ఇంటికి వచ్చే పాత ఇనుప పైపు మురిక్కాలవ అడుగు నుంచే పోతోంది. ఒకచోట తుప్పు పట్టి, వేలు పట్టేంత రంధ్రం. నల్లా ఆగినప్పుడల్లా కాలవ నీళ్లు అందులోకి దిగేవి. ఎన్ని మడతల గుడ్డ కడితే మాత్రం ఏమవుతుంది?

ఇప్పుడు నేను ఆ పనిలో లేను. డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆ గల్లీలో ఇప్పుడు గడప గడపకూ నీళ్ల డబ్బాలు, లోపల ఫిల్టర్లు. ఎవరి నీళ్లు వాళ్లవి. ఒకరు ఇంకొకరికి నీళ్లు పట్టి పోయాల్సిన పని లేదు, ఎవరి నీళ్ల వల్ల ఎవరికేమైనా అయితే తలవంచుకోవలసిన అవసరమూ లేదు. ఇది మంచిదే అంటాను. ఆ రోజులు బాగుండేవని నేను అబద్ధం చెప్పను, ఆ నీళ్లు బాగుండేవి కావు. కాకపోతే, తన తప్పు అవతలివాళ్ల ఒంట్లో కనబడినప్పుడు ఒక మనిషి ఎట్లా నిలబడిందో నేను ఆ ఇంట్లో చూశాను. అది నేను చదివిన చదువులో లేదు.

పరీక్ష రోజు స్వరూప మంచం మీదే ఉంది. మర్నాడు వాళ్ల నాన్న తీసుకెళ్లడానికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో గుడ్డ సంచి. లోపలికి రమ్మంటే రాక మెట్ల మీదే కూర్చున్నాడు. స్వరూప బట్టల బ్యాగు, పుస్తకాల సంచి అప్పటికే కట్టి వాకిట్లో పెట్టుకుంది. ఏడాది అయిపోయింది, ఎవరూ ఏమీ అనాల్సిన పని లేదు. ఆయన కూతురి ముఖంలోకి చూడడం లేదు. ఆంటీ లోపలి నుంచి వచ్చి ఆయనకెదురుగా నిలబడింది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

"అన్నా, నీకు ఫోన్ల ఒక మాట చెప్పిన, పిల్ల బయట తింటదని. అది తప్పు మాట. నీ బిడ్డకు రోగమొచ్చింది మా ఇంటి నీళ్లతోని. నేను వోసిన నీళ్లతోనే."

నేను కూడా చెప్పాను, కాగితం మీద తప్పు రాసింది నేనని. ఆయనకు సీసాలూ మందులూ పట్టలేదు. మొదటిసారి కూతురివైపు తిరిగాడు.

"మరి నేను గన్ని మాటలంటుంటే నీదేం తప్పు లేదని ఎందుకు చెప్పలే బిడ్డా?"

"నేను గూడ నాదే తప్పనుకున్న బాపు" అంది స్వరూప.

ఆయన లేచాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బట్టల బ్యాగు ఎత్తి భుజానికి వేసుకున్నాడు. స్వరూప పుస్తకాల సంచి అందుకోబోతే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అవెందుకు మోసుడు? పానం మంచిగైనంక మళ్ల ఈడికే వస్తవు గదా."

వాళ్లు గల్లీ మలుపు తిరిగేదాకా చూసి, ఆ సంచిని నేను ఎత్తబోయాను. ఆంటీ నన్ను ముట్టనివ్వలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్టు మెట్టుకూ ఆగుతూ, ఆమే దాన్ని మేడమీదికి మోసుకుపోయింది.